అడ్డగీత

రెండో శనివారం మాత్రమే వస్తాడంట
ఎముకల కేన్సరూ కండల కేన్సరూ చూసే ఆపరేషన్ డాక్టరు.
గుంటూరు కొత్తపేట, మందుల షాపు మీద మేడ,
టోకెను ముప్పై ఏడు.
తెల్లారి ఆరింటికే వచ్చి కూర్చున్నాం
నేనూ, నా కూతురు ఎస్తేరూ, ఎమ్మారై కవరూ.

బెంచీ మీద పక్కనాయన తుమ్మాడు.
ఆయన పక్కనామె తుమ్మి, జరిగి కూర్చుంది.
కోల్డు స్టోరేజీకి కట్టుకెళ్లే చీర కాదమ్మా ఇది,
సబ్బు పెట్టి రెండుసార్లు ఉతికిందే.
అయినా పోదు.
ఇరవై రెండేళ్లుగా మిరపకాయ తొడిమలు తీసేదాన్ని,
ఏ గదిలోకైనా ముందు ఘాటు పోతుంది
వెనకాల నేను.

లోపల డాక్టరూ తుమ్మాడు.
మాస్కు తీసి ముక్కు తుడుచుకుని
"యార్డులో పనా?" అన్నాడు.
పేరు అప్పుడడిగాడు. సువార్త అని చెప్పా.

మోచేతికి కింద, లోపలివైపు.
శనగ్గింజంత ఉన్నప్పుడు లెక్కచెయ్యలా.
నొప్పి ఉందా?
లేదు బాబూ. అదే గదా నా ధైర్యం.
మంటయితే నాకు తెలుసు.
రాత్రిపూట మజ్జిగలో చేతులు ముంచుకునే మంట,
కంట్లో నలక పడ్డా నలుపుకోలేని మంట,
ఎస్తేరు పాలకేడుస్తుంటే
ఎత్తుకోమని అత్తకిచ్చిన మంట.
మండేదేదీ నన్ను చంపలా.
మండనిదేం చేస్తుందిలే అనుకున్నా.

మచ్చ మీద వేలు పెట్టి ఆగాడు.
"ఇదెవరు కోశారు?"
ఏటుకూరు ఆరెంపీ.
కొవ్వు గడ్డేనమ్మా అన్నాడు,
పదిహేను వందలు, ఒక మత్తు సూది, నాలుగు కుట్లు.
తీసింది నాకు చూపించి బకెట్లో వేశాడు.
ఐదు నెలలకి మళ్లీ లేచింది, నిమ్మకాయంత.
"టెస్టుకి పంపలేదా?"
పంపాలని మాకెవరు చెప్పారు.

"అడ్డంగా కోశాడే"
అన్నాడు, నాతో కాదు, మచ్చతో.
నీలం పెన్ను తీసి నా చేతి మీదే గీశాడు.
నిలువుగా కోసుంటే ఇంత పోయేది: సన్నటి గీత.
అడ్డంగా కోశాడు గనక ఇంత:
గీత పొట్ట ఉబ్బి పడవంతయ్యింది.
"ముందు చిన్న ముక్క టెస్టుకి పంపుదాం.
అనుకున్నదే అయితే గడ్డొక్కటే తీస్తే చాలదమ్మా,
చుట్టూ మంచి కండ కూడా రావాలి."

మంచిది కూడానా?
మేస్త్రీ అంకారావు గుర్తొచ్చాడు.
తొడిమతో పాటు కాయ చిరిగితే,
నాలుగు గింజలు రాలితే,
కాటా దగ్గర కూలి కోస్తాడు.
తొడిమ దాకా వెళ్లి అక్కడ ఆగే వేళ్లు నావి.
ఈయనేమో మంచిది రాకపోతే పని చెడ్డట్టే అంటాడు.

"నరం పక్కనే ఉంది.
బొటనవేలు ఒక్కో వేలికీ ఆనించు."
ఆనించా.
"పనిలో ఎట్టా తీస్తావో చూపించు."
చూపించా. ఎడం చేత కాయ, కుడి చేత తొడిమ,
ఉత్త గాలిలో.
ఒకటి. రెండు. ఎస్తేరు తల తిప్పుకుంది.
ఆయన చాలనలా, నేను ఆపలా.
లేని తొడిమలు
ఆయన కాయితాల మీద రాలతానే ఉన్నయ్.

"ఈ పని మిగులుద్దా బాబూ?"
"చెయ్యి మిగల్చాలనే చూస్తా."
వేళ్ల మాట ఎత్తలా.
అబద్ధం చెప్పలేదని నమ్మకం కలిగింది,
చెప్పుంటే ఏం పోయిందని కోపమూ వచ్చింది.

కింద ఆరోగ్యశ్రీ కార్డు జిరాక్సు,
సంతకం, మళ్లీ సంతకం.
ఆటోలో ఎస్తేరు మాట్లాడలా.
సెంటరులో చెరుకురసం ఇప్పించింది,
ఐసు వద్దని రెండుసార్లు చెప్పి మరీ.

రాత్రి నీళ్లు పోసుకునేటప్పుడు
కుడి చెయ్యి తడవకుండా పైకెత్తి పట్టుకున్నా.
గీత చెరిగినా పర్లేదని ఆయనే అన్నాడు,
మళ్లీ గీసుకుంటాడంట.
ఆయనకి పర్లేదు.
బల్బు కిందకొచ్చి
నేనూ ఒకసారి కొలుచుకోవాలి గదా
పోయేది ఎన్ని వేళ్ల వెడల్పో.